అడ్డు చెప్పడానికి వెళ్ళిన సభకే ఈసారి అడగడానికి వెళ్దాం: సాంటా క్లారా కౌంటీ తెలుగువారికి బహిరంగ లేఖ

సాంటా క్లారా కౌంటీలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఆలయ కమిటీల పెద్దలకు, వారాంతంలో తెలుగు బడికి పిల్లలను దింపి కారులోనే కూర్చుని ఫోను చూసుకునే తల్లిదండ్రులకు నమస్కారములు.

ఇల్లు లేనివారి వసతికీ, మన పిల్లల మత్తు అలవాట్ల చికిత్సకూ కౌంటీ ఇచ్చే డబ్బు గురించిన ఈ లేఖలోని విషయాన్ని ఇంగ్లీషులో ఐదుగురు కౌంటీ సూపర్‌వైజర్లకు విడిగా రాసి పంపాను. అదే సంగతిని మీకు తెలుగులో మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఐదుగురు ఒక ఉత్తరానికి ఇచ్చే విలువ ఎంతో, సభలో వచ్చి కూర్చున్న మనుషులకు ఇచ్చే విలువ ఎంతో నాకు అనుభవం మీద తెలిసింది. ఆ అనుభవం గొప్పగా చెప్పుకోదగ్గది కాకపోయినా, చెప్పకుండా ముందుకు వెళితే మిగిలిన మాటలకు బలం ఉండదు.

కొన్నేళ్ల క్రితం మా ఇళ్లకు దగ్గరలో నిలువనీడ లేనివారికి వసతి ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన రెండు పేరాలను కాగితం మీద దింపుకుని సూపర్‌వైజర్ల సభకు వెళ్ళి, నాకు ఇచ్చిన ఒక్క నిమిషంలో ‘బడికి ఇంత దగ్గరగా వద్దు, మా పిల్లల భద్రత ఆలోచించండి’ అని మైకు ముందు చదివి వచ్చాను. మనవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. సభ అయ్యాక పార్కింగులో నిలబడి ఎవరో ఫ్లాస్కులో తెచ్చిన టీ కూడా తాగాం. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఉంటూ, ఉగాదికీ సంక్రాంతికీ తప్ప మనం అంతమందిమి ఒక ప్రజా విషయం మీద ఒకచోట చేరడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందులో మనం ఒంటరివాళ్లం కూడా కాదు. మిల్పిటస్‌లో ఒక హోటలును కొని, రాష్ట్రం ఇచ్చే హోమ్‌కీ నిధులతో హిల్‌వ్యూ కోర్టు పేరిట 132 ఇళ్లుగా మార్చాలన్నప్పుడు అక్కడి వారు కూడా గట్టిగానే ఎదిరించారు. ఆ ఇళ్లు 2021లో తెరుచుకున్నాయి.

కౌంటీ అంటే మన దగ్గరి జిల్లా లాంటిదని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే గానీ, ఇక్కడ పైనుంచి బదిలీ మీద వచ్చే కలెక్టరు ఉండడు. మనం ఎన్నుకున్న ఐదుగురు సూపర్‌వైజర్లే బడ్జెట్‌ను ఆమోదిస్తారు. ఆస్పత్రులు, మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్స, సంక్షేమ పథకాలు, జైలు కౌంటీ చేతిలో ఉంటే, నగరాల లోపల పోలీసులు, ఇళ్ల అనుమతులు ఆయా నగరపాలక సంస్థల చేతిలో ఉంటాయి. అంటే కాలువ గట్టు మీద పడుకున్న మనిషిని లేపి పంపేది నగరం, ఆ మనిషికి జబ్బు చేస్తే చూడవలసింది కౌంటీ. ఈ తేడా తెలియకనే మనం చాలాసార్లు ఒకరిని అడగవలసింది ఇంకొకరిని అడుగుతున్నాం, లేదా ఎవరినీ అడగకుండా ఊరుకుంటున్నాం.

2025 జనవరిలో జరిగిన లెక్కింపులో మన కౌంటీలో ఇల్లు లేనివారు 10,711 మంది అని తేలింది. 2023లో ఆ సంఖ్య 9,903. శాన్ హోసేలో కొయొటీ వాగు ఒడ్డున ‘జంగిల్’ అని పిలిచే పెద్ద గుడారాల వాడను 2014 డిసెంబరులో ఖాళీ చేయించినప్పుడు సమస్య కొంత తీరుతుందని అనుకున్నవాళ్లు ఉన్నారు. అక్కడి మనుషులు వాగు వెంట మరికొంత దూరం జరిగారు, అంతే. ఎల్ కమీనో మీద నడిచే 22వ నంబరు బస్సుకు ఏళ్ల తరబడి ‘హోటల్ 22’ అన్న పేరు ఉండేది. రాత్రి తలదాచుకోవడానికి టికెట్టు కొని పాలో ఆల్టో నుంచి ఈస్ట్‌రిడ్జ్ దాకా, మళ్లీ వెనక్కీ కునుకు తీస్తూ తిరిగేవాళ్లు అందులో ఉండేవారు. మనలో చాలామంది అదే రోడ్డు మీద ఇడ్లీ హోటళ్లకు వెళ్తాం.

వీళ్లంతా ఎక్కడినుంచో ఇక్కడి వాతావరణం చూసి వచ్చినవాళ్లని ఆ రోజు నేనూ నమ్మాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ ఫ్రాన్సిస్కో శాఖ 2023లో వెలువరించిన రాష్ట్రవ్యాప్త అధ్యయనం చెప్పింది వేరు. పదిమందిలో తొమ్మిదిమంది ఇల్లు పోగొట్టుకున్నది ఈ రాష్ట్రంలోనే. నాలుగింట మూడు వంతుల మంది ఏ కౌంటీలో ఇల్లు పోయిందో అదే కౌంటీలో ఉన్నారు. ఇల్లు పోవడానికి ముందు ఆరు నెలల్లో ఆ కుటుంబాల మధ్యస్థ ఆదాయం నెలకు 960 డాలర్లు. మన కౌంటీలో ఆ డబ్బుకు ఒక గది అద్దెకు దొరకడం కూడా గగనమని మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన పన్నులు ఎటు పోతున్నాయన్నది న్యాయమైన ప్రశ్న. 2016లో కౌంటీ ఓటర్లు మెజర్ ఎ ద్వారా 95 కోట్ల డాలర్ల గృహనిర్మాణ బాండుకు ఒప్పుకున్నారు, అది ఆస్తిపన్నులో మనమంతా కడుతున్నదే. అసలు ఏమీ చేయకపోతే ఎంత ఖర్చవుతుందో కూడా లెక్క ఉంది. 2007 నుంచి 2012 వరకు రికార్డులు పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఇల్లులేనివారికి అందిన సేవల మీద మన కౌంటీ సమాజం ఏడాదికి సుమారు 52 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. అందులో పెద్ద భాగం ఆస్పత్రుల మీద, ఆ తర్వాతి భాగం పోలీసులు, కోర్టులు, జైలు మీద. దీర్ఘకాలంగా వీధిలోనే ఉన్న సుమారు 2,800 మందికి తలకు ఏడాదికి 83,000 డాలర్ల ఖర్చు పడింది. అంటే వాళ్లకు ఇల్లు ఇవ్వకుండా మనం మిగుల్చుకున్నది ఏమీ లేదు.

ఏం చేస్తే పని జరుగుతుందన్నది కూడా మన కౌంటీలోనే పరీక్షకు నిలిచింది. అత్యవసర విభాగానికీ జైలుకూ పదేపదే తిరిగే వారికి శాశ్వత గృహవసతి, దానితోపాటు వెన్నంటి ఉండే సిబ్బందిని ఇచ్చిన పథకంలో 86 శాతం మంది ఇంట్లో నిలదొక్కుకున్నారు. అద్దె కట్టలేక రోడ్డున పడబోతున్న కుటుంబాలకు ఒక్కసారి, సగటున రెండు వేల డాలర్లకు అటూఇటూగా సాయం చేస్తే, ఆరు నెలల్లో వాళ్లు ఇల్లు కోల్పోయే అవకాశం 81 శాతం తగ్గిందని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో చూపించారు. మనం ఒక శని ఆదివారాల్లో తాహో వెళ్ళి వచ్చేంత డబ్బు! నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చినది ఈ నివారణ సాయమే. దీని గురించి మన సభల్లో ఒక్కరు మాట్లాడగా వినలేదు.

ఇక రెండో విషయం. దాన్ని రాయడానికి నాకు మా అబ్బాయి అనుమతి కావలసి వచ్చింది.

వాడు పదకొండో తరగతిలో ఉండగా, బట్టలు ఉతకడానికి తీస్తుంటే జేబులోంచి పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి పడింది. అది ఆవిరి పీల్చే వేప్ అని, అందులో ఉన్నది నికోటిన్ కూడా కాదని, గంజాయి సారమని తెలుసుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఇంట్లో జరిగినదాన్ని మీలో కొందరు ఊహించగలరు, మరికొందరు ఊహించనక్కరలేదు. మాకు మొదట వచ్చిన భయం వాడి ఆరోగ్యం గురించి కాదు, ఎవరికి తెలుస్తుందోనని. రెండో ఆలోచన వాడిని గుంటూరులో అమ్మమ్మ దగ్గరకు పంపేద్దామని, అక్కడ గంజాయి ఉండదన్నట్టు! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ‘ఈగల్’ పేరుతో మత్తుపదార్థాల మీద ప్రత్యేక పోలీసు విభాగం పెట్టవలసి వచ్చిన సంగతి మనం తెలుగు పేపర్లలో చదివే ఉంటాం. ఉద్యోగం ఇచ్చిన బీమా ఉంది, ధీమాగా ఫోన్ చేశాను. కౌమార వయస్సు పిల్లలను చూసే కౌన్సెలరు కోసం వారాల తరబడి ఆగమన్నారు.

చివరకు వాడు వెళ్ళింది కౌంటీ డబ్బుతో నడిచే చోటికి. 12 నుంచి 25 ఏళ్ల వారి కోసం మన కౌంటీ స్టాన్‌ఫర్డ్‌తో కలిసి 2021లో శాన్ హోసే, పాలో ఆల్టోలలో ‘ఆల్‌కోవ్’ కేంద్రాలు ప్రారంభించింది. మానసిక ఆరోగ్యం, మామూలు వైద్యం, మత్తు అలవాట్లకు సలహా, చదువు ఉద్యోగాల సాయం ఒకే చోట దొరుకుతాయి. ఆస్ట్రేలియాలోని హెడ్‌స్పేస్ కేంద్రాలను చూసి రూపొందించిన పద్ధతి ఇది. కాలిఫోర్నియాలో 12 ఏళ్లు దాటిన పిల్లలు వ్యసన చికిత్సకు తమంతట తామే ఒప్పుకోవచ్చునని చట్టం ఉంది. ‘మీ అబ్బాయి మాతో చెప్పినది మీకు చెప్పవలసిన పని లేదు’ అని అక్కడి అమ్మాయి మర్యాదగా అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. వాడు నోరు విప్పింది ఆ ఒక్క హామీ వల్లనేనని తర్వాత అర్థమైంది.

ఆ కేంద్రం గురించి నాకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే, అది కూడా ఫిర్యాదు కంటే కోరిక. మా ఇంట్లో పగలంతా పిల్లలతో ఉండేది మా అత్తగారు. ఆవిడకు పిల్లవాడి కళ్ల ఎరుపు, అకాల నిద్ర, అకాల ఆకలి మా ఇద్దరికన్నా ముందే కనిపించాయి. అవి దేనికి గుర్తో చెప్పే ఒక్క కరపత్రం ఆవిడ చదవగలిగిన భాషలో మాకు దొరకలేదు. ఆరు నెలలకొకసారి తల్లిదండ్రులనో అత్తమామలనో పిలిపించుకుని పిల్లలను వాళ్లకు అప్పగించే మన కుటుంబాల్లో కాపలా ఉన్నవారికే ఆ సమాచారం అందడం లేదు.

ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు సంగతి కూడా ఆవిడకు తెలియాలి. ఇంటర్నెట్‌లో, స్నాప్‌చాట్‌లో పిల్లలు కొనే మాత్రలు చూడడానికి డాక్టర్లు రాసే జానాక్స్ లాగానో పర్కొసెట్ లాగానో ఉంటాయి, లోపల ఫెంటనిల్ ఉండవచ్చు. రెండు మిల్లీగ్రాములు, అంటే పెన్సిలు మొన మీద నిలిచేంత పొడి, ప్రాణం తీయడానికి చాలు. పరీక్షల ముందు నిద్ర పట్టక ఒక్క మాత్ర వేసుకున్న పిల్లకూ, ఏళ్లుగా అలవాటు పడిన మనిషికీ ఆ పొడి తేడా చూపదు. ఫెంటనిల్ ప్రభావాన్ని విరిచే, ముక్కులో కొట్టే నలాక్సోన్ మందును చీటీ లేకుండా అమ్మడానికి కేంద్ర ఔషధ సంస్థ 2023 మార్చిలో అనుమతించింది. శరీరంలో ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి మత్తుమందు) లేకపోయినా ఆ మందు హాని చేయదు. స్నేహితుడు పడిపోతే పోలీసులకు భయపడి పిల్లలు 911కు ఫోన్ చేయకుండా పారిపోతారు. అలా ఫోన్ చేసినవారిని, కొద్ది మొత్తం మత్తుమందు తమ దగ్గర ఉన్నందుకు శిక్షించకూడదని రాష్ట్ర చట్టంలో 2013 నుంచీ ఉంది. మన పిల్లలకు ఆ మాట ముందుగా చెప్పవలసింది మనమే.

ఈ రెండు విషయాలనూ ఒకే లేఖలో ఎందుకు కలిపానో ఇప్పుడు చెబుతాను. పది లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద నూటికి ఒక డాలరు పన్ను వేసి, దాన్ని మానసిక ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలని 2004లో కాలిఫోర్నియా ఓటర్లు చట్టం చేశారు. 2024 మార్చిలో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 1 దాన్ని మార్చింది. 2026 జూలై 1 నుంచి ఈ నిధిని వ్యసన చికిత్సకూ వాడవచ్చు. అది మంచి మార్పు. అయితే కౌంటీకి వచ్చే ప్రతి నూరు డాలర్లలో ముప్పై ఇళ్లకు, ముప్పై అయిదు తీవ్రమైన జబ్బు ఉన్నవారికి అన్నివిధాలా తోడుండే సేవలకు, మిగిలిన ముప్పై అయిదు ఇతర సేవలకు పోవాలి. ఆ చివరి ముప్పై అయిదులో సగం కంటే కొంచెం ఎక్కువ, జబ్బు ముదరకముందే అందించే సాయానికి. అందులో మళ్లీ సగం కంటే కొంచెం ఎక్కువ పాతికేళ్ల లోపువారికి. లెక్క కట్టి చూస్తే, మన పిల్లల కోసం ఈ చట్టం ఖాయంగా పక్కన పెట్టేది నూటికి తొమ్మిది డాలర్లు. వ్యసనం, దిగులు, భ్రాంతి అన్నీ ఆ తొమ్మిదిలోనే. మామూలుగా బడుల్లో, సంఘాల్లో చేసే నివారణ ప్రచారం చాలావరకు కౌంటీ చేతి నుంచి రాష్ట్రం చేతికి వెళ్ళింది. చిన్న భాషా సమూహాలతో పనిచేసే సంస్థలకు ఇన్నాళ్లూ దొరికిన డబ్బు అందులోనిదే. పైగా ఇది స్టాక్ మార్కెట్టుతో లేచి పడే పన్ను. షేర్లు పెరిగిన ఏడాది నిధి పొంగుతుంది, పడిన ఏడాది ఎండిపోతుంది. మన ఉద్యోగాలు పోయే ఏడాదీ, సహాయ కేంద్రాల్లో చేతులు తగ్గే ఏడాదీ ఒకటే అవుతాయి.

దీనికి తోడు 2025 జూలైలో సంతకమైన కేంద్ర చట్టం వల్ల పేదల వైద్య పథకం మీద పడిన కోత కౌంటీ ఆస్పత్రులను కుదిపింది. దాన్ని కొంత పూడ్చడానికే 2025 నవంబరులో ఓటర్లు అయిదేళ్లపాటు అమ్మకపు పన్ను పెంచడానికి ఒప్పుకున్నారు. వంద డాలర్ల సరుకు మీద అరవై రెండున్నర సెంట్లు. ఆ డబ్బు గండి పూడ్చడానికే సరిపోదు, కొత్త పనులకు మిగిలేది అంతకన్నా ఉండదు.

అందువల్ల ఈ వసంతంలో ఒక వాదన పుట్టబోతోంది, నిజానికి మన గ్రూపుల్లో అప్పుడే పుట్టింది: ‘రోడ్డు మీద ఉన్నవాళ్ల పద్దు తగ్గించి పిల్లల పద్దు పెంచండి.’ వినడానికి ఇంపుగా ఉంది. దయచేసి ఆ మాట పట్టుకుని సభకు వెళ్ళకండి. చట్టం ఒక పద్దు నుంచి మరో పద్దుకు మార్చనిచ్చేది కొద్ది భాగమే, దానికీ రాష్ట్రం అనుమతి కావాలి. అంతకన్నా ముఖ్యం, ఈ రెండు గుంపులు మనం అనుకున్నంత వేరు కావు. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకు, పారిపోయిన పిల్లలకు బిల్ విల్సన్ సెంటర్ వంటి సంస్థలు ఇక్కడ దశాబ్దాలుగా ఆశ్రయం ఇస్తున్నాయి. ఆ పడకలకు ఇల్లులేనివారి పద్దు నుంచీ డబ్బు వస్తుంది. మనం ‘పరువు’ అని దాచుకున్న అలవాటు, కాలేజీ మధ్యలో ఆగిపోయిన ఏడాది, తండ్రితో పెద్ద గొడవ అయిన రాత్రి, స్నేహితుల సోఫాల మీద గడిచిన నెలలు మన ఇళ్లలో లేవని మీరు అంటే నేను వాదించను. నాకు తెలిసిన రెండు కుటుంబాలను మాత్రం తలుచుకుంటాను.

నా వ్యతిరేకత పూర్తిగా కరిగిపోయిందని చెప్పను. వసతి గృహాన్ని ఎవరు నడుపుతారు, రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారు, ఫిర్యాదు వస్తే ఎవరు ఫోన్ ఎత్తుతారు అని అడగడం పొరుగువారి హక్కు; వాటికి కౌంటీ ఇచ్చే జవాబులు చాలాసార్లు పేలవంగా ఉంటాయి. గృహనిర్మాణం నత్తనడక నడుస్తున్న మాటా నిజమే. శాన్ హోసే నగరం తాత్కాలిక షెల్టర్లు త్వరగా కడుతోంది, ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ పద్దెనిమిది నెలల్లో మూడుసార్లు షెల్టరు వద్దన్నవారిని అరెస్టు చేయవచ్చునని 2025లో ఆ నగరం చేసుకున్న విధానం, నా దృష్టిలో, ఖర్చును నగరం ఖాతా నుంచి కౌంటీ జైలు ఖాతాకు మార్చడమే.

సంఘాల పెద్దలను నేను కోరుతున్నది ఇది. కౌంటీ బడ్జెట్ ప్రతిపాదన మే నెలలో చర్చకు వస్తుంది, జూన్‌లో ఆమోదం పొందుతుంది. ప్రపోజిషన్ 1 కింద కౌంటీ చేయవలసిన మూడేళ్ల ప్రణాళిక కూడా 2026 జూన్ చివరికే ఖరారు కావాలి. ఆ సభల్లో అద్దె సాయపు నివారణ నిధికి కోత పెట్టవద్దని మన తరఫున అడగండి. పాతికేళ్ల లోపువారికి పక్కన పెట్టిన భాగంలో మత్తు అలవాట్లకు ఎంత కేటాయిస్తున్నారో విడిగా చూపమని అడగండి. ఆ డబ్బులో కొంత, తెలుగు, తమిళం, హిందీ మాట్లాడే ఒకరిద్దరు సహాయకులకూ, అమ్మమ్మలూ నానమ్మలూ చదవగలిగే కరపత్రాలకూ ఇవ్వమని అడగండి. ఓపియాయిడ్ కంపెనీల మీద 2014లోనే దావా వేసిన కౌంటీల్లో మనది ఒకటి. జాతీయ స్థాయి ఒప్పందాల్లో మందుల పంపిణీదారుల నుంచి 18 ఏళ్లపాటు వాయిదాలుగా రావలసిన డబ్బులో యువత నివారణకు చోటు ఉంది. దాని లెక్క చూపమనడానికి మొహమాటం అక్కరలేదు.

మీ చేతిలోనే ఉన్న పని ఇంకొకటి ఉంది. ఉగాది కార్యక్రమానికి హాలు మాట్లాడినప్పుడు, పిల్లల నృత్యాలకూ భోజనాలకూ మధ్య ఒక అరగంట నలాక్సోన్ శిక్షణకు కేటాయించండి. మంచి రోజున చెడ్డ మాట ఎందుకని ఒకరిద్దరు ముఖం చిట్లిస్తారు. మా అత్తగారు ముందు వరుసలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

సూపర్‌వైజర్ల సభలు సాధారణంగా మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు శాన్ హోసేలో వెస్ట్ హెడ్డింగ్ వీధిలోని 70వ నంబరు భవనంలో మొదలవుతాయి. లైట్ రైలులో సివిక్ సెంటర్ స్టేషనులో దిగితే నడిచి వెళ్ళేంత దూరం. మాట్లాడాలనుకున్నవారు చీటీ నింపి ఇవ్వాలి, ఒకటి రెండు నిమిషాలకు మించి ఇవ్వరు, కాబట్టి ఏం చెప్పాలో ఇంట్లోనే గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. ఈసారి పేరాలు వాట్సాప్‌లో పంపను, ఎవరి మాట వారిదే కావాలి. టీ ఫ్లాస్కు మాత్రం నేను తెస్తాను.

ఇట్లు,
ఒకప్పుడు అదే మైకు ముందు అడ్డు చెప్పిన మీ సన్నీవేల్ నివాసి